మూడింట ఒకసారి వదిలెయ్యండి

"మంచిగా ఉంటే చేతగానివాడంటారు, గట్టిగా ఉంటే పొగరంటారు. ఇరుగుపొరుగుతో ఎలా మెలగాలి?" దీనికి నీతి పాఠం కన్నా లెక్క మంచి జవాబు చెబుతుంది.

వంశధార ఆయకట్టులో ఒకే పిల్లకాలువ మీద ఇద్దరు రైతులున్నారనుకోండి. ఉభాలకి (నాట్లకి) ముందు పూడిక తియ్యాలి. ఇద్దరూ పార పట్టుకొస్తే చెరో 3 మార్కులు. ఒకడే వస్తే వాడికి ఒళ్లు హూనం, 0. ఇంట్లో కూర్చుని నీళ్లు పెట్టుకున్నవాడికి 5. ఇద్దరూ మానేస్తే చెరో 1. ఒక్కసారి ఆటయితే, అవతలివాడు వచ్చినా రాకపోయినా మానెయ్యడమే లాభం. ఏటేటా ఆడాలంటేనే కథ మారుతుంది.

1980 ప్రాంతంలో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఇవే మార్కులతో కంప్యూటర్ ప్రోగ్రాములకి పోటీ పెట్టారు. వచ్చినవి 14, ఒక్కో జోడీకి 200 వంతులు. గెలిచింది గణిత, మనస్తత్వ శాస్త్రవేత్త అనతోల్ రాపపోర్ట్ పంపినది, అన్నిట్లోకీ చిన్నది: మొదటి వంతుకి రా, ఆ తర్వాత ఎదుటివాడు కిందటిసారి చేసిందే చెయ్యి. రెండో పోటీకి 62 వచ్చినా అదే గెలిచింది. ఏ జోడీలోనూ అది ఎదుటివాడిని మించి మార్కులు తెచ్చుకోలేదు, ఆ నియమంతో అది సాధ్యమే కాదు. అయినా మొత్తం మీద మొదటి స్థానం! ఇంత అందమైన ఫలితాన్ని బడిలో పిల్లలకి చెప్పకపోవడం అన్యాయం.

దీనికీ ఓ జబ్బుంది. ఒకడికి జ్వరం వచ్చి పనికి రాలేదు, కబురూ అందలేదు. తర్వాతి వంతుకి రెండోవాడు మానేస్తాడు, ఆపై వంతుకి మొదటివాడు. ఇక 5, 0, 5, 0. సగటు 3 నుంచి 2.5కి పడిపోతుంది. మధ్యలో ఇంకో పొరపాటు దొర్లితే ఇద్దరూ మానేసి 1 దగ్గర కూలబడొచ్చు. వాడి జాతకమే అంత, బుద్ధే అంత అని తిట్టుకుంటారు గానీ ఇద్దరూ నియమం తప్పనివాళ్లే. లోపమంతా ఆ నియమంలోనే ఉంది.

గణిత పరిశోధకులు మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ 1992లో చూపిన మందు, ఎదుటివాడు మానేసినా అప్పుడప్పుడు బదులు తీర్చుకోకుండా వదిలెయ్యడం. ఎంత? మానేసినవాడికి అదనంగా దక్కేది 5−3, అంటే 2. తర్వాతి వంతులో మీరు రాకపోతే వాడు పోగొట్టుకునేది 3. మూడింట రెండుసార్లు బదులు తీర్చుకుంటే వాడి సగటు నష్టం కూడా 2, లాభనష్టాలు సరి. కాబట్టి మూడింట ఒకసారి వదలొచ్చు, అంతకు మించితే ఎగ్గొట్టేవాడి పంట పండినట్టే. ఏసారి వదులుతారో ముందే తెలియనివ్వకండి. బదులు తీర్చుకునేది వెంటనే తీర్చుకోండి, ఒక్క వంతుతో సరి. పాత బాకీలు తవ్వొద్దు.

మళ్లీ కలిసి పని చెయ్యడం ఖాయమైతేనే ఈ మూడింట ఒకటి లెక్క. ఆ అవకాశం తగ్గేకొద్దీ వదిలేదీ తగ్గించాలి. మూడింట రెండు వంతుల కన్నా తగ్గితే, ఒక్కసారీ వదలకుండా బదులు తీర్చుకున్నా ఈ నియమం నిలవదు. విశాఖకీ చెన్నైకీ వలసపోయే ఊళ్లలో పొత్తు పనులు చెడే ప్రమాదం ఇక్కడే. అలాంటిచోట కాలువంతా ఒకేసారి పెట్టుకోకుండా పదేసి గజాలు విడగొట్టి రోజుకో ముక్క తియ్యండి. అవతలివాడు రాకపోయినా మీకు పోయేది ఆ పది గజాల చాకిరీయే, మర్నాడు ఏం చెయ్యాలో మీ చేతిలోనే ఉంటుంది.