కుక్క లాగుతోందా? ముందు మన కాళ్ల సంగతి చూద్దాం: అపోహలు - వాస్తవాలు

ఉదయం ఐదున్నర. కర్నూలు సి.క్యాంపు రోడ్డు మీద ఒక లాబ్రడార్ వస్తోంది. మెడకు తోలు బెల్టు, దానికి ఇనుప గొలుసు. ముందుకాళ్లు నేలను తవ్వుతున్నట్టు పడుతున్నాయి. గొంతులోంచి గురగురమని దగ్గు వస్తోంది. వెనక, గొలుసును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని ఒక పెద్దాయన. రిటైరైన లెక్కల మాస్టారు. నన్ను చూసి ఆగారు. "దీనికి పొగరు బాగా ఎక్కువైంది బాబూ. ముళ్ల బెల్టు ఏది మంచిదో చెప్పు, తెప్పిస్తాను" అన్నారు.

ఆ గొలుసు ఒక్క నిమిషం నాకిమ్మని అడిగాను. కుక్క ఎదురుగా ఉన్న కానుగ చెట్టు వైపు లాగింది. నేను కదల్లేదు. మళ్లీ లాగింది. కదల్లేదు. కాసేపటికి వెనక్కి తిరిగి నా మొహం చూసింది, గొలుసు వదులైంది. వెంటనే దాంతో పాటు చెట్టు దగ్గరికి నడిచాను. "సార్, ఇన్నాళ్లూ ఇది లాగినప్పుడల్లా మీరు ఎటు నడిచారు?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

కర్నూల్లో కుక్కలకు నడక నేర్పడమే నా పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. లాగే కుక్కల గురించి నేను వినే మాటల్లో చాలావరకు కుక్కను నిందించేవే. కుక్క లాగింది, మనం దాని వెంట నడిచాం, అది కోరుకున్న చోటు వచ్చింది. ఈ పాఠం రోజుకు వంద సార్లు జరుగుతుంది. లాగడం నేర్పింది మన కాళ్లే.

అపోహ: "ముందు నడిచే కుక్క తానే యజమాని అనుకుంటుంది. లాగడమంటే మన మీద పెత్తనం చేయడమే."

ఈ మాట తోడేళ్ల దగ్గర మొదలైంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త జూలో బంధించిన తోడేళ్లను గమనించి, గుంపులో పెత్తనం కోసం పోట్లాట జరుగుతుందని రాశారు. ఒకదానికొకటి పరిచయం లేని జంతువులను ఒకే ఆవరణలో పెడితే పోట్లాడుకోవడం సహజమే. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1970లో రాసిన పుస్తకంతో ఈ 'ఆల్ఫా', అంటే గుంపు మీద పెత్తనం చేసే నాయకుడు, అన్న మాట ప్రపంచమంతా పాకింది. అయితే ఆయనే తర్వాత కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గర నుంచి చూశారు. గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు, అంతేనని 1999లో రాశారు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను కోరారు కూడా. మాట పుట్టించిన రంగంలోనే దాన్ని వదిలేశారు. మన వీధుల్లో మాత్రం దాని పేరు చెప్పి ఇంకా కుక్కల మెడలు గుంజుతున్నారు.

కుక్క ముందు నడవడానికి అసలు కారణం చాలా మామూలుది. మన నడక గంటకు 4-5 కిలోమీటర్లు. లాబ్రడార్ లాంటి కుక్క తన తీరున వేసే చిన్న పరుగు దానికంటే బాగా వేగం. మన అడుగుతో నడవాలంటే అది తన కాళ్లను ప్రతి క్షణం అదుపులో పెట్టుకోవాలి. ఎవరూ నేర్పకుండా అది రాదు. చిన్నపిల్లను జాతరకు తీసుకెళ్తే చెయ్యి లాక్కుని ముందుకు ఉరుకుతుంది. దాన్ని మనం పెత్తనం అనం కదా.

అపోహ: "చోక్ చైనో, ముళ్ల బెల్టో వేసి రెండు సార్లు గట్టిగా గుంజితే దారికొస్తుంది."

చోక్ చైన్ అంటే గుంజినప్పుడు మెడకు బిగుసుకునే గొలుసు. ఈ అపోహ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మొదటి రెండేళ్లు నేనూ ఇదే చేశాను. నాకు పని నేర్పిన ట్రెయినర్ చోక్ చైన్ తప్ప ఇంకోటి వాడేవాడు కాదు. గుంజగానే కుక్క పక్కకొచ్చి నడిచేది, చూసేవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఒకసారి ఒక పగ్‌కు అలాగే చేశాను. దానికి ముక్కు పొట్టిది, ఊపిరి తీసుకోవడమే కష్టం. గుంజిన కాసేపటికి నాలుక నీలంగా మారి కింద కూర్చుండిపోయింది. నీళ్లు చల్లి, నీడలో పడుకోబెట్టి, పశువుల ఆసుపత్రికి చేర్చాం. బతికింది. ఆ రోజు నుంచి నా సంచిలో చోక్ చైన్ లేదు.

కుక్క మెడలో గాలిగొట్టం, అన్నవాహిక, థైరాయిడ్ గ్రంథి, పెద్ద రక్తనాళాలు అన్నీ చర్మానికి దగ్గరగానే ఉంటాయి. మెడ బెల్టుతో లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందని, మెడకు కాకుండా రొమ్ముకు, వీపుకు తొడిగే పట్టీలతో, అంటే హార్నెస్‌తో, అలా పెరగలేదని 2006లో ఒక పరిశోధన చూపించింది. గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న కుక్కకు, ఉబ్బిన కళ్లున్న పగ్, షిట్జు లాంటి జాతులకు ఇది చిన్న విషయం కాదు.

ఒంటికి తగిలే దెబ్బ ఒకటైతే, మనసులో పడే ముడి ఇంకొకటి. మీ కుక్క ఎదురొచ్చే పిల్లాణ్ని చూసి సంబరంగా ముందుకు దూకింది, సరిగ్గా అప్పుడే మెడ మీద నొప్పి పుట్టింది. నొప్పి మీ చేతిలోంచి వచ్చిందని దానికి తెలియదు. పిల్లాడు కనబడితే నొప్పి వస్తుందని నేర్చుకుంటుంది. నాలుగు నెలలకు పిల్లల్ని చూస్తే గుర్రుమంటుంది. "ఉన్నట్టుండి కోపిష్ఠిదైంది అన్నా" అని నా దగ్గరికి తెచ్చే కుక్కల్లో చాలావాటి మెడ మీద వెంట్రుకలు రాలిన గుర్తు ఉంటుంది. ఆ గుర్తు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఎవరో చెప్పింది నమ్మారు.

అపోహ: "హార్నెస్ వేస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది."

హార్నెస్ లాగడం నేర్పదు, ఆపదు కూడా. వీపు మీద రింగున్న దాంట్లో మెడ నొప్పి ఉండదు కాబట్టి, ముందే లాగే అలవాటున్న కుక్క హాయిగా లాగుతుంది. రొమ్ము మీద రింగున్నదైతే, లాగినప్పుడు ఒళ్లు మన వైపు తిరుగుతుంది కాబట్టి నేర్పే రోజుల్లో చెయ్యి తెరిపిన పడుతుంది. భుజం కీలు ఆడకుండా అడ్డంగా పట్టీ ఉన్నది మాత్రం కొనకండి. తాడు 6 అడుగుల నైలాన్‌దో నూలుదో చాలు. ఇనుప గొలుసు బరువుకు, తాడు ఎప్పుడు వదులైందో ఎప్పుడు బిగిసిందో కుక్కకు తెలియదు. లాగితే సాగుతూ పోయి, మళ్లీ చుట్టుకునే తాళ్లు వద్దు. లాగితే ఇంకా చోటు దొరుకుతుందని అవి ప్రతి అడుగులో చెబుతాయి.

అపోహ: "లాగినప్పుడు ఆగిపోతే చాలు, అదే నేర్చుకుంటుంది."

ఇది సగం నిజం. వీడియోల్లో చూసి చాలామంది మొదలుపెడతారు, మూడో రోజు విసిగి వదిలేస్తారు. ఆగడం వల్ల 'ఇది పనికిరాదు' అన్నది మాత్రమే కుక్కకు అందుతుంది. 'ఇలా చెయ్యి' అన్నది అందదు. మన పక్కన ఉండటం లాభమని దానికి తెలియాలి. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పెట్టెల్లో పెట్టిన పిల్లుల మీద చేసిన ప్రయోగాల సారం ఇదే. మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ మళ్లీ వస్తుంది, ఫలితం లేని పని మెల్లగా పోతుంది.

నేను మొదలుపెట్టేది రోడ్డు మీద కాదు, ఇంటి వరండాలో. మొదట తాడు కూడా ఉండదు. కుక్క నా ఎడమ కాలి పక్కకు వచ్చిన ప్రతిసారీ ప్యాంటు కుట్టు దగ్గర చెయ్యి పెట్టి ఒక చిన్న తిండి ముక్క ఇస్తాను. ముక్క ఇచ్చే చోటు ముఖ్యం. ముందుకు చాచి ఇస్తే కుక్క ముందుకు నడుస్తుంది, కాలి పక్కన ఇస్తే కాలి పక్కనే తిరుగుతుంది. రెండు మూడు రోజులకు తాడు తగిలిస్తాను. ఒక అడుగుకు ఒక ముక్క, తర్వాత మూడు అడుగులకు, తర్వాత ఏడుకు, మళ్లీ రెండుకు. ఎప్పుడు దొరుకుతుందో ముందే తెలియకపోతే అది మన వైపు చూస్తూ ఉంటుంది. ఐదు నిమిషాలు చాలు, రోజుకు మూడు సార్లు. వరండాలో కుదిరాక వాకిలి, వాకిలిలో కుదిరాక ఖాళీగా ఉన్న సందు, ఆ తర్వాతే రోడ్డు. తాడు బిగుస్తుందనిపించగానే, పూర్తిగా బిగియకముందే "ఇటు" అని వెనక్కి తిరిగి నడుస్తాను. వెంట వస్తే ముక్క ఇస్తాను.

మాస్టారి కుక్క వారంలో వరండా దాటింది, రోడ్డు మీద మాత్రం మళ్లీ మొదటికొచ్చింది. సంగతేమిటంటే పొద్దున మాస్టారు ఆగేవారు, సాయంత్రం వాళ్ల మనవడు దాని వెంట పరిగెత్తేవాడు. పది సార్లలో ఒక్కసారి ఫలించినా ఆ అలవాటు పోదు, ఇంకా మొండిగా నాటుకుంటుంది. పిల్లాణ్ని తప్పించడం మాస్టారికి ఇష్టం లేదు, నాకూ లేదు. అందుకని రెండు సరంజామాలు పెట్టాం. రొమ్ము రింగు తగిలిస్తే పాఠం, అప్పుడు లాగితే ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. వీపు రింగు తగిలిస్తే ఆట, మనవడితో ఖాళీ స్థలంలో తిరగొచ్చు. కుక్కలు ఈ తేడా చక్కగా పట్టుకుంటాయి. మాస్టారి కుక్కకు మొత్తం ఏడు వారాలు పట్టింది.

అపోహ: "తిండి ఆశ చూపిస్తే తిండి ఉంటేనే మాట వింటుంది."

నేర్పేటప్పుడు ఇచ్చేది కూలి. పని వచ్చాక కూలి తగ్గించొచ్చు, తిండికి బదులు ఇష్టమైన చెట్టు దగ్గరికి వెళ్లనివ్వడమే కూలి కావచ్చు. ముక్క బుడ్డల (వేరుశనగ) గింజలో సగం ఉంటే చాలు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు బాగా పనిచేస్తాయి. అంత మేరకు గిన్నెలో తిండి తగ్గించండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. బిర్యానీ ముక్కలు పెట్టొద్దు, ఉల్లిపాయ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాక్లెట్ కూడా విషమే.

అపోహ: "ఆరు నెలలు నిండేదాకా ఏమీ నేర్పకూడదు." దీనికి జంటగా ఇంకొకటి: "టీకాలు అయ్యేదాకా గుమ్మం దాటించకూడదు."

రెండు నెలల కుక్కపిల్ల కూడా నేర్చుకుంటుంది. పైగా 3 నుంచి 14 వారాల మధ్య చూసిన ప్రపంచాన్నే అది పెద్దయ్యాక భయం లేకుండా చూస్తుంది. పార్వో అనే వైరస్ జబ్బు భయం నిజమైనదే, మన వీధుల్లో దానికి కుక్కపిల్లలు రాలిపోవడం నేను చూశాను. అందుకని నేల మీద దింపకండి, భుజాన వేసుకుని తిప్పండి. ఆటో హారన్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గంగిరెద్దు, కూరగాయల బండి, కేసీ కాలువ నీళ్ల చప్పుడు అన్నీ చూడనివ్వండి, విననివ్వండి. 6-8 వారాలకు మొదలయ్యే టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా తప్పనిసరి. ఇంటి లోపల తాడు నడక ఈలోపే మొదలుపెట్టొచ్చు. ముసలి కుక్కకు రాదన్నది కూడా నిజం కాదు, దానికి ఓపిక కాస్త ఎక్కువ కావాలి, అంతే.

అపోహ: "నాటు కుక్కకు ఇవన్నీ రావు."

వస్తాయి. నాకు అతి త్వరగా నేర్చుకున్న కుక్క బళ్లారి చౌరస్తా దగ్గర ఒక టీ కొట్టు వెనక పుట్టిన నల్ల ఆడకుక్క. వీధిలో పుట్టినవాటికి చప్పుళ్ల పట్ల జాగ్రత్త ఎక్కువ, తాడంటే మొదట బెదురుతాయి. రెండు వారాలు తాడును ఇంట్లో నేల మీద ఈడ్చుకుంటూ తిరగనిస్తే చాలు. అప్పుడు మాత్రం ఎవరైనా పక్కనే కనిపెట్టుకుని ఉండాలి, ఎక్కడైనా చిక్కుకోవచ్చు.

అపోహ: "వాకింగ్‌లో వాసనలు చూడనివ్వకూడదు, తల ఎత్తి పక్కనే నడవాలి."

పోలీసు కుక్కల కవాతు చూసి వచ్చిన ఆలోచన ఇది. అది పని, మనది షికారు. కుక్కకు ముక్కే కళ్లు, చెవులు. ఆ స్తంభం దగ్గర నిన్న ఎవరు ఆగారో, ఏ కుక్క ఒంట్లో బాగోలేదో చదువుకుంటుంది. అరగంట నడకలో పది నిమిషాలు దాని ఇష్టం వచ్చినట్టు వాసన చూడనిస్తే, గంట నడిచినదానికంటే ప్రశాంతంగా ఇంటికి వస్తుంది. తాడు వదులుగా ఉంటే చాలు. ఎడమ పక్కనా, కుడి పక్కనా, అరడుగు ముందా అన్నది నాకు పట్టదు.

అపోహ: "బండికి కట్టి పరిగెత్తిస్తే అలిసిపోయి లాగడం మానేస్తుంది."

ఇది చూస్తే నేను బండి ఆపి మరీ బతిమాలతాను. స్కూటర్ వేగం కుక్క ఎంచుకున్నది కాదు, ఆగాలనిపించినా ఆగలేదు. జారితే ఈడ్చుకుపోవడమే. కుక్క ఒళ్లు మనలా చెమట పట్టి చల్లబడదు. రొప్పుతూ నోటి నుంచే వేడి వదలాలి. పైగా మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తారు రోడ్డు అంతకంటే చాలా వేడెక్కుతుంది. బేతంచెర్ల బండలు పరిచిన వాకిలి కూడా అంతే. సాయంత్రం ఆరైనా ఆ వేడి దిగదు. అరచేతి వెనక వైపు 7 సెకన్లు రోడ్డుకు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోకపోతే దాని పాదాలూ ఓర్చుకోవు. వేసవిలో నా పాఠాలన్నీ ఉదయం ఆరున్నరకు ముగుస్తాయి.

ఎండని చెప్పి రోజంతా గొలుసుకు కట్టేయడమూ సరికాదు. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ఈ సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

అపోహ: "వీధికుక్కలు ఎదురైతే గొలుసు బిగించి దగ్గరికి లాక్కోవాలి."

తాడు బిగియగానే మీ టెన్షన్ దానికి చేరుతుంది. తాడు బిగిసిన కుక్క ఒళ్లు ముందుకు వాలి, తల పైకెత్తి ఉంటుంది. ఎదుటి కుక్కలకు అది కయ్యానికి వస్తున్నట్టు కనిపిస్తుంది. దూరం నుంచే చూసుకుని, నేరుగా వెళ్లకుండా వంపు తిరిగి వెళ్లండి. లేదా మెల్లగా వెనక్కి మళ్లండి, పరిగెత్తొద్దు. జేబులో గుప్పెడు బిస్కెట్ ముక్కలు ఉంచుకుని, ఆ కుక్కలు మీద మీదకు వస్తే వాటి వైపు నేల మీద వెదజల్లండి. అవి ఏరుకునే లోపు మీరు దాటిపోవచ్చు. రాళ్లు విసరొద్దు, ఆ కుక్కలు రేపు మీ కుక్కను గుర్తుపెట్టుకుంటాయి. చెవి కొన కత్తిరించి ఉన్నవి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా అయినవి. రోజూ ఒకే దారిలో వెళ్తే, ఏ సందులో ఎవరుంటారో నెలలో తెలిసిపోతుంది. అంతా జాగ్రత్తగా ఉన్నా మిమ్మల్ని ఏదైనా కరిస్తే, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు ఆసుపత్రికి వెళ్లండి. మీ కుక్కకు పన్ను దిగితే, పాత టీకా కార్డు తీసుకుని పశువైద్యుడికి చూపించండి.