నెలల తరబడి వదలని నడుం నొప్పి: అపోహలు - వాస్తవాలు

ఫిజియోథెరపీ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నొప్పి కంటే ముందు భయం గురించే చెప్తారు. "ఏమవుతుందోనని వంగడమే మానేశానండీ" అంటారు. 12 వారాలు దాటినా తగ్గని నొప్పిని మేం దీర్ఘకాలిక నొప్పి అంటాం. అలాంటి వాళ్లలో ఎక్కువమందికి ఎముక విరిగి ఉండదు, ఇన్ఫెక్షన్ ఉండదు, గడ్డ ఉండదు. మరి నొప్పి ఎందుకు పోవడం లేదు? పట్టేసిన కండరం సాధారణంగా కొన్ని వారాల్లో మానిపోతుంది, కానీ నరాలు మాత్రం చిన్న కదలికకు కూడా ఉలిక్కిపడటం అలవాటు చేసుకుంటాయి. దానికి తోడు నిద్ర చాలదు, టెన్షన్ పెరుగుతుంది, కదలక కదలక నడుం బలం తగ్గుతుంది.

అపోహ: నొప్పి పూర్తిగా తగ్గేదాకా మంచం దిగకూడదు.

అసలు కదల్లేనంత ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోండి, తప్పులేదు. అంతకు మించితే మేలు కన్నా కీడే ఎక్కువ. వారం పడుకుని లేచినవాళ్లకి మెట్లెక్కినా ఆయాసమే, ఆ నీరసాన్ని కూడా నడుం జబ్బు ఖాతాలోనే వేసుకుంటారు.

అపోహ: స్కాన్‌లో డిస్క్ జారిందని వచ్చింది, ఇక జీవితాంతం ఇంతే.

ఈ మాట వల్ల జరిగే నష్టం చూసి నాకు నిజంగా బాధేస్తుంది. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటిది. అది జారిపోయే వస్తువు కాదు, పైనా కిందా ఉన్న వెన్నుపూసలకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఉబ్బొచ్చు, లోపలి పదార్థం కొంచెం బయటికి రావొచ్చు. అలా వచ్చింది కూడా చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దానంతట అదే కుంచించుకుపోతుంది. 2015లో ఒక సమీక్షలో అసలు నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లు చూశారు. 20 ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి డిస్క్ ఉబ్బి ఉంది! జుట్టు నెరిసినట్టే ఇదీ చాలావరకు వయసుతో వచ్చే మార్పు. రిపోర్టు పారేయమని కాదు, దాన్ని మీ లక్షణాలతో కలిపి చదివించుకోండి అంటున్నాను.

అపోహ: వంగకూడదు, నడుం ఎప్పుడూ నిటారుగా ఉండాలి.

ఒకాయన కుర్చీలోంచి లేవడం చూశాను. ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించి, పొట్ట రాయిలా బిగించి, కర్రలా లేచారు. అంత బిగించినప్పుడు నడుం కండరాలకి క్షణం కూడా సడలింపు ఉండదు, రోజంతా పిడికిలి బిగించి ఉంచితే చెయ్యి నొప్పి పెట్టదా, ఇదీ అంతే. "గాలి వదులుతూ, తల ముందుకి వంచి, పాదాల మీద బరువు వేసి లేవండి" అన్నాను. మూడోసారికి చేతి సాయం లేకుండా లేచారు, "అయ్యో, అంత నొప్పి లేదే" అన్నారు. ఇంట్లో ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కుర్చీలో కూర్చుని గాలి వదులుతూ చేతులు మోకాళ్ల మీద నుంచి కిందికి జార్చండి, ఎంతవరకు వస్తే అంతవరకే, ఐదారు సార్లు. పొద్దున లేవగానే మాత్రం వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని బిగుతుగా ఉంటాయి, ఓ గంట ఇంట్లో తిరిగాక చెయ్యండి.

అపోహ: వ్యాయామం చేస్తుంటే నొప్పి వచ్చిందంటే లోపల ఏదో దెబ్బతింటోంది.

దీర్ఘకాలిక నొప్పిలో ఇది చాలావరకు నిజం కాదు. నేను చెప్పే కొలత ఇది: పదికి మూడు నాలుగు దాకా నొప్పి ఉన్నా, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి వస్తే అది మీ మోతాదే. రాకపోతే తగ్గించుకోండి, మానెయ్యొద్దు. బాగున్న రోజు ఇల్లంతా దులిపేసి, తర్వాత మూడు రోజులు పడుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 20 నిమిషాల నడకకి నొప్పి మొదలవుతుందా? అయితే 12 నిమిషాలతో మొదలుపెట్టి, బాగున్న రోజూ అంతే, బాగాలేని రోజూ అంతే నడిచి, వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్లండి. నడకని తేలిగ్గా తీసుకోవద్దు. నడుం నొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మంది మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. నడక కార్యక్రమంలో ఉన్నవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు గడిచాయి, లేనివాళ్లలో 112 రోజులే.

అపోహ: గట్టి చెక్క మీద పడుకోవాలి, రోజంతా బెల్టు పెట్టుకోవాలి.

మరీ గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా ఉన్నదే మెరుగని 2003లోనే ఒక పరీక్షలో తేలింది. ఇక దీర్ఘకాలిక నొప్పికి బెల్టుల్ని చికిత్సగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. వేడి కాపడం హాయిగా ఉంటే పెట్టుకోండి, చర్మం కాలకుండా 15 నిమిషాలు చాలు, ఆ హాయి ఉన్నప్పుడే కాస్త నడవండి.

అపోహ: నడుం నొప్పే కదా, ఏదైనా ఇంట్లోనే తగ్గిపోతుంది.

కాదు. మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలిలో బలం తగ్గిపోతున్నా, ఇంకేం ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చి ఉన్నా, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నా, పడ్డాక మొదలైన నొప్పి అయినా ముందు డాక్టర్‌కి చూపించుకోండి, వ్యాయామాల సంగతి ఆ తర్వాత.