పాత బీపీ మాత్ర, కొత్త మచ్చలు

ఏళ్ల తరబడి ఒకే బీపీ మాత్ర వేసుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి ఒంటి మీద వలయాల్లాంటి మచ్చలు లేస్తే, ఆ మాత్రను ఎవరూ అనుమానించరు. ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడెందుకు పడదు అనుకుంటాం. మచ్చ అంచు కాస్త ఉబ్బి పొట్టు రేగుతుంది, మధ్యలో చర్మం మామూలుగానే ఉంటుంది. అందుకే తామర అనుకుని మందుల షాపులో ట్యూబు కొని రాస్తాం. తగ్గదు.

మచ్చలు ఎక్కడ లేచాయో చూడండి. చొక్కా గుండీ పైన ఛాతీ, జాకెట్టు మెడకు పైన వీపు, ముంజేతుల బయటివైపు. అంటే ఎండ తగిలే చోట్లు. గడ్డం నీడ పడే మెడ భాగం చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. మన చామనఛాయ మీద ఎరుపు సరిగా కనబడదు, ముదురు గోధుమ రంగో ఊదా రంగో తేలుతుంది.

ఇది మందు వల్ల వచ్చే ఒక రకం చర్మపు లూపస్ కావచ్చు. లూపస్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడి సొంత కణాల మీదే దాడి చేసే జబ్బు. ఒంట్లోని అదనపు ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపే హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్న ఐదుగురిలో దీన్ని గుర్తించి అమెరికా వైద్యులు 1985లో రాశారు. తర్వాత డిల్టియాజెమ్, నిఫెడిపిన్ వంటి బీపీ మందుల మీదా ఇదే అనుమానం వచ్చింది. ఈ రోగుల్లో చాలామంది రక్తంలో 'రో' అనే మన సొంత ప్రొటీన్‌ మీదే దాడికి దిగే యాంటీబాడీలు ఉంటాయి. మామూలుగా ఆ ప్రొటీన్ కణం లోపల ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మకణాల పైపొరకు వస్తుంది, యాంటీబాడీలకు చిక్కుతుంది. పైగా థయజైడ్లు, అంటే హైడ్రోక్లోరోథయజైడ్ కోవకు చెందిన మందులు, చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తాయి. అందరికీ ఇలా జరగదు, పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర కూడా ఉంది.

మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే రావచ్చు, కొన్నేళ్లకూ రావచ్చు. నన్ను బాగా కలవరపెట్టేది ఈ ఆలస్యమే. డాక్టరు "ఈమధ్య కొత్త మందులేమైనా వాడారా?" అని అడిగితే రోగి నిజాయితీగానే లేదంటాడు, అసలు కారణం అక్కడే తప్పిపోతుంది. పాత మందుల చీటీ కూడా చూపించాలి. మాత్రల పట్టీ మీద పేరు చివర 'హెచ్' అక్షరం ఉంటే, చాలా బ్రాండ్లలో దానర్థం లోపల హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉందని.

అలాగని ఎవరికి వారు మాత్ర మానేయకూడదు, బీపీ ఒక్కసారిగా పెరిగితే పక్షవాతం దాకా పోవచ్చు. డాక్టరు మందు మారిస్తే ఎక్కువమందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో మచ్చలు వాడిపోతాయి. రక్తంలో యాంటీబాడీలు మాత్రం ఆ తర్వాత కూడా ఉండిపోవచ్చు. కాబట్టి ఆ మందు పేరు చీటీలో పెద్దక్షరాలతో రాయించుకుని, ఏ కొత్త డాక్టరు దగ్గరికెళ్లినా ముందే చెప్పాలి.