విడాకుల తర్వాత అప్పులు: అపోహలు – వాస్తవాలు

విడాకుల సలహా కోసం నా దగ్గరకు వచ్చే ఆడవారిలో చాలామంది భరణం మాట ఎత్తకముందే "ఆయన చేసిన అప్పులు నా మెడకు చుట్టుకుంటాయా మేడం?" అని అడుగుతారు. అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడి కేకలు వేస్తుంటే బతికినవారికి ఆ భయం ఉండడం సహజమే. కాకపోతే భయపడనక్కరలేని అప్పుకు భయపడుతూ, అసలు భయపడాల్సిన దాన్ని వదిలేస్తున్నారు.

అపోహ: భర్త అప్పు భార్యదీ అవుతుంది.

వాస్తవం: కాదు. పెళ్లయినంత మాత్రాన అప్పు ఉమ్మడి కాదు. ప్రోనోటు మీద ఎవరు సంతకం చేస్తే వారే బాధ్యులు. ఉమ్మడి ఖాతా చెక్కు బౌన్సయినా, దానిపై సంతకం చేయని భార్య మీద 138 సెక్షన్ కేసు నిలవదని 2013లో అపర్ణా షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఊళ్లో ఎవరో చెప్పారని పుట్టింటి పొలం అమ్మి ఆయన బాకీలు తీర్చకండి.

అపోహ: ఇంటి లోను భర్తే కట్టాలని డిక్రీలో (విడాకుల తీర్పు పత్రంలో) ఉంది కాబట్టి బ్యాంకు నన్ను అడగదు.

వాస్తవం: అడుగుతుంది. అందరికంటే ఎక్కువ నష్టపోతున్నది ఈ నమ్మకంతోనే. డిక్రీ మీ ఇద్దరినే కట్టిపడేస్తుంది. అందులో బ్యాంకు కక్షిదారు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం కలిసి సంతకం చేసినవారిలో ఎవరినైనా మొత్తం బాకీ అడగవచ్చు. 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత కూడా అసలు రుణగ్రహీతతో సమానమే. నా దగ్గరకు వచ్చిన ఒక టీచరమ్మ ఫ్లాటును భర్తకు వదిలేసి, లోను కూడా వదిలిందనుకున్నారు. ఆయన వాయిదాలు ఎగ్గొట్టడంతో ఆమె సిబిల్ స్కోరు పడిపోయి, సొంతంగా పెట్టుకున్న లోను దరఖాస్తు తిరస్కరణకు గురైంది. "జడ్జిగారే రాశారు కదమ్మా" అంటూ డిక్రీ నకలు నా బల్ల మీద పెట్టారు. ఆ షరతు ఆధారంగా మాజీ భర్తపై ఇ.పి. (డిక్రీ అమలు కోరే పిటిషన్) వేయవచ్చు, వేశాం కూడా. అది నడిచినంత కాలం బ్యాంకు మాత్రం ఆగదు.

అందుకే పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి దశ (పిటిషన్ వేయడం), రెండో దశ (విడాకులు ఖరారు చేయమని కోరడం) మధ్య చట్టం ఇచ్చే ఆరు నెలలను ఈ పనికి వాడుకోండి. లోను ఒక్కరి పేరుకు మార్చడానికి బ్యాంకు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ ఒక్కరి ఆదాయం చాలదంటే వేరే బ్యాంకుకు టేకోవర్ చేయించాలి, లేదా ఆస్తి అమ్మి బాకీ మూసేయాలి. ఆ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పినా, లోను తేలకుండా మాఫీ కోరడాన్ని నేను ప్రోత్సహించను.

భర్త వాడుకున్నా, మీ పేరున తీసిన డ్వాక్రా లోను మీదే. మీ నగలు ఆయన పేరున తాకట్టులో ఉంటే బ్యాంకు వాటిని ఆయనకే తిరిగిస్తుంది కనుక, రెండో దశకు ముందే విడిపించుకోండి.

మీ సంతకం లేని లోనుకు బ్యాంకు వసూలు ఏజెంట్లు మిమ్మల్ని వేధిస్తే, రుణగ్రహీత కుటుంబసభ్యుల గోప్యతకు భంగం కలిగించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాన్ని ఉదహరిస్తూ ముందు ఆ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.