బ్రైటన్ పాత ఇళ్లు: చెమ్మ గోడకు సిమెంటు మందు కాదు

ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రైటన్‌లో సముద్రం ఎదుట బారులు తీరిన తెల్లని పాత ఇళ్లను చూసి ముచ్చటపడి, కొనడానికి సిద్ధమయ్యాక మనవాళ్లు నాకు చేసే ఫోను ఒక్కటే. "గోడంతా చెమ్మ అంటున్నారండీ, మీటరు ఎర్రగా చూపించిందట. సిమెంటు పూయించి, అడుగున మందు ఎక్కిస్తే పోతుందా?" ఇళ్ల సర్వేయర్‌గా దీనికి జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ముందు దీని సంగతే చూద్దాం. మిగతా కబుర్లు తర్వాత.

అపోహ: చెమ్మ గోడకు సిమెంటు ప్లాస్టరు, రసాయన ఇంజెక్షనే వైద్యం.

వాస్తవం: అసలు ఆ గోడను దేనితో కట్టారో ముందు తెలుసుకోండి. 18వ శతాబ్దం మధ్య నుంచి సుమారు వందేళ్ల పాటు ఇక్కడ లేచిన ఇళ్లలో చాలావాటికి బంగరూష్ గోడలే. చెక్క పలకల మధ్య సున్నం పోసి, అందులో చెకుముకి రాళ్లు, విరిగిన ఇటుకలు, గులకరాళ్లు, సుద్ద, చేతికి దొరికినదల్లా పడేసి నింపారు. బయటికి మాత్రం నున్నని గార, స్తంభాలు, విల్లులా వంగిన కిటికీలు. గొట్టం పెట్టి గురిచూసి నీళ్లు కొడితే సగం ఊరు కూలుతుందని ఇక్కడి వాళ్లే నవ్వుకుంటారు.

ఈ గోడ బతకాలంటే కొద్దిపాటి తేమ ఉండాలి. మరీ ఎండితే సున్నం పొడిపొడి అవుతుంది, మరీ నానితే పట్టు వదిలేస్తుంది. లోపలికి చేరిన నీరు ఆవిరై బయటికి పోవాలి. సున్నం గార పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. సిమెంటు గట్టిది, గోడ మెత్తనిది. గోడ కాస్త కదిలితే సిమెంటు మీద వెంట్రుకంత పగులు వస్తుంది, వాననీరు ఆ సందులోంచి దిగుతుంది, తిరిగి వచ్చే దారి ఉండదు. అలా నీళ్లు నిలవ ఉన్న గోడకే మళ్లీ ఇంకో పొర సిమెంటు పూస్తారు!

ఇంజెక్షను సంగతి ఇంకా విడ్డూరం. ఇటుక గోడలో వరుసల మధ్య రంధ్రాలు వేసి మందు నింపితే, అది అడ్డంగా ఒక పొరలా పరుచుకుని నీటిని ఆపుతుందన్నది లెక్క. బంగరూష్‌లో వరుసలు ఎక్కడివి? ఒక రంధ్రం చెకుముకి రాయికి తగిలి ఆగిపోతుంది, పక్కది ఖాళీ సందులోకి పోతుంది. మందు ఎటు పోయిందో దేవుడికే తెలియాలి.

ఇక మీటరు. రెండు సూదుల ఆ పరికరాన్ని తయారు చేసింది చెక్కలో తేమ కొలవడానికి. అది చూసేది విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో. సముద్రపు గాలికి ఉప్పు పట్టిన గోడ మీద గుచ్చితే ఎర్రదీపం వెలగక ఏమవుతుంది? పైగా ఆ మీటరు పట్టుకుని ఉచితంగా చూసిపెడతామని వచ్చేది చాలాసార్లు మందు అమ్మేవాళ్లే.

ఒక యువ జంట నేలమాళిగ ఫ్లాటు కొన్నారు. తొలి చూలు. గుంటూరు నుంచి ఆ అమ్మాయి తల్లి నాకే ఫోను చేసి, "బాబూ, పసిబిడ్డను ఆ చెమ్మలో పడుకోబెట్టవచ్చా?" అని అడిగారు. ఆ భయం న్యాయమైనదే, బూజు పసివాళ్లకు మంచిది కాదు. వెళ్లి చూస్తే పడకగది గోడకు నడుమెత్తు వరకు సిమెంటు. దాని వెనక, పెరటి వైపు, పోత ఇనుప గొట్టం అతుకు దగ్గర చీలి, అక్కడ పచ్చగా నాచు పట్టి ఉంది. సిమెంటు పెచ్చు ఊడదీయించాను. లోపలి సున్నం వేలితో నొక్కితే తడి ఇసుకలా రాలింది. గొట్టం మార్పించి, గోడను నెలల తరబడి ఆరనిచ్చి, సున్నం గార పూయించారు. ఊళ్లో డంగుసున్నం గోడలు ఎరిగిన ఆవిడకు రెండు మాటల్లో అర్థమైంది. కంప్యూటర్ ఇంజనీరు అల్లుడికే అరగంట పట్టింది. (గది తలుపు వేసి బట్టలు ఆరబెడితే ఏ గోడైనా చెమర్చుతుంది. అది వేరే గొడవ, కిటికీ తెరవండి.)

అపోహ: లిస్టెడ్ ఇంట్లో, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం జాబితాకెక్కించిన ఇంట్లో, బయటి ముఖం ముట్టుకోకపోతే చాలు.

వాస్తవం: చాలదు. ఇలాంటి ఇళ్ల రక్షణకు చేసిన 1990 నాటి చట్టం ఇంటి లోపలికీ వర్తిస్తుంది. మెట్లు, నిప్పుగూడు, పాత గార, అన్నీ లెక్కే. ఇంటి స్వరూపాన్ని మార్చే పనిని అనుమతి లేకుండా చేయడం నేరం, జైలు దాకా పోవచ్చు. చర్య తీసుకోవడానికి గడువంటూ లేదు. మీకు ముందున్న యజమాని పీకేసిన నిప్పుగూడును తిరిగి పెట్టమనే నోటీసు మీకే రావచ్చు. కొనేముందు పాత అనుమతి పత్రాలు అడగండి.

అపోహ: ఇక్కడ రాయల్ క్రెసెంట్ అనే వీధిలో నల్లగా మెరిసే ఇళ్లకు ఇటుక పన్ను ఎగ్గొట్టడానికే పెంకులు తొడిగారు.

వాస్తవం: చూడటానికి ఇటుకల్లా కనిపించేవి నిజంగా పెంకులే, మేథమెటికల్ టైల్స్ అంటారు. కానీ 1784లో ఇటుకతో పాటు పెంకు మీదా పన్ను వేశారు. తొడిగింది తడిగాలికి కాపుగా, సొగసు కోసం.

నాలుగో జార్జ్ రాజు విలాస భవనం రాయల్ పెవిలియన్ నుంచి, ఆయన రహస్యంగా పెళ్లాడిన మరియా ఫిట్జ్‌హెర్బర్ట్ ఇంటికి సొరంగం ఉందంటారు. లేదు. ఉన్న సొరంగం గుర్రపుశాలకు పోతుంది. బయటికి మన దేశపు కోటలా కనిపించే ఆ పెవిలియన్‌ను 1815 నుంచి మార్చి కట్టిన వాస్తుశిల్పి జాన్ నాష్ భారతదేశం ముఖమే చూడలేదు. గుమ్మటాల కింద ఉన్నది పోత ఇనుప చట్రం, లోపలి అలంకారం చైనా తరహా.

అలాగని ఇక్కడి ప్రతి తెల్లని గోడా సున్నపుది కాదు. బ్రున్స్‌విక్ టెర్రస్ అనే పాత ఇళ్ల వరుసను ఆనుకుని 1935లో వాస్తుశిల్పి వెల్స్ కోట్స్ కట్టిన ఎంబసీ కోర్టు అనే ఫ్లాట్ల భవనం పూర్తిగా కాంక్రీటు. దాని జబ్బు వేరు. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులూడుతుంది. దయచేసి అక్కడికి సున్నం బకెట్టు పట్టుకుని వెళ్లకండి.