ఎరుపైనా పసుపైనా అణువు ఒకటే

విశాఖలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మానసిక రోగాలకు వాడే ఒలాంజపిన్ అనే మందు తయారీలో రెండో మెట్టు దగ్గర ఒక బ్యాచ్‌లో పసుపు స్ఫటికాలు, ఇంకో బ్యాచ్‌లో ఎర్రనివి వచ్చాయట. టీఎల్‌సీ స్పాట్, ఎన్‌ఎంఆర్ రెండింటికీ ఒకేలా ఉన్నాయి (పదార్థం ఏమిటో, శుద్ధంగా ఉందో లేదో చూసే పరీక్షలివి). "మలినం ఎక్కడుంది సార్?" అని టెన్షన్ పడుతోంది.

మలినం లేదమ్మా. నీ చేతికొచ్చింది స్ఫటిక శాస్త్రంలో ఎంతో పేరున్న 'రాయ్' అనే పదార్థం. ఒకే అణువు ఎరుపు, నారింజ, పసుపు స్ఫటికాలుగా రావడమే దాని ప్రత్యేకత.

మొదటి మెట్టు గెవాల్డ్ చర్య. ప్రొపియోనాల్డిహైడ్, మాలోనోనైట్రైల్, ట్రైఎథిలమైన్‌తో పాటు మామూలు గంధకం పొడి వేస్తారు. ఎనిమిది పరమాణువుల గంధకపు వలయం తెగిపోయి, గంధకం థయోఫీన్ అనే ఐదు పరమాణువుల వలయంలో కుదురుకుంటుంది. రెండో మెట్టులో, సోడియం హైడ్రైడ్ సాయంతో, ఆ థయోఫీన్ మీది అమైన్ (నైట్రోజన్ ఉన్న గుంపు) 2-ఫ్లోరోనైట్రోబెంజీన్‌లోని ఫ్లోరిన్‌ను గెంటేసి దాని చోట చేరుతుంది. విశాఖ తేమ గాలిలో సోడియం హైడ్రైడ్ డబ్బా మూత తెరిచి ఉంచకూడదు. తడి తగిలితే హైడ్రోజన్ వెలువడి మంట అంటుకోవచ్చు.

ఇక రంగు సంగతి. రెండో మెట్టులో వచ్చిన ఈ రాయ్ అణువు రెండు రెక్కల తలుపు లాంటిది. ఒక రెక్క థయోఫీన్, రెండోది నైట్రోబెంజీన్, మధ్యలో బందు నైట్రోజన్. ఆ నైట్రోజన్ మీది హైడ్రోజన్ పక్కనున్న నైట్రో గుంపును పట్టుకుని ఉంటుంది కాబట్టి నైట్రోబెంజీన్ రెక్క కదలదు. తిరిగేది థయోఫీన్ రెక్కే. ఎర్ర స్ఫటికంలో రెక్కల మధ్య మెలిక సుమారు 22 డిగ్రీలు, అంటే దాదాపు ఒకే తలంలో ఉన్నట్టు. ఎలక్ట్రాన్లు ఈ రెక్క నుంచి ఆ రెక్కకు పరుచుకుంటాయి, శక్తి అంతరం తగ్గుతుంది, నీలంతో పాటు ఆకుపచ్చ కాంతినీ పీల్చుకుంటుంది. పసుపు స్ఫటికంలో మెలిక 105 డిగ్రీల దాకా ఉంటుంది. రెక్క అడ్డం తిరిగింది, ఎలక్ట్రాన్లకు దారి మూసుకుంది, పీల్చుకునేది ఊదా, నీలం వైపు కాంతే. నారింజ రంగువి ఈ రెంటి నడుమ, 50 డిగ్రీల దగ్గర. రెక్క ఏ కోణంలో ఆగాలో తేల్చేది పక్క అణువులతో సర్దుబాటు. ద్రావణిలో కరిగిస్తే ఆ సర్దుబాటు పోతుంది, తేడా మాయం. అందుకే స్పాట్ ఒకటే వచ్చింది.

మెల్టింగ్ పాయింట్ కూడా స్ఫటిక రూపాన్ని బట్టి సుమారు 106 నుంచి 115 డిగ్రీల దాకా మారుతుంది. ప్రాక్టికల్ పరీక్షల్లో రంగు, మెల్టింగ్ పాయింట్ చూసి మార్కులు వేసే మన అలవాటు వల్లే పిల్లలు ఇక్కడ బెదిరిపోతున్నారు. రంగు మారితే ఆ రోజు మంచిది కాదని సరిపెట్టుకునేవాళ్లనూ చూశాను. పొడిని, స్ఫటికంలో అణువుల అమరికను చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు పంపితే విషయం తేలిపోతుంది.

మూడో మెట్టులో స్టానస్ క్లోరైడ్ నైట్రోను అమైన్‌గా మారుస్తుంది, అది థయోఫీన్ మీదున్న నైట్రైల్ గుంపును పట్టుకుని ఏడు పరమాణువుల వలయం కడుతుంది. అక్కడ అంతా కరిగిపోతుంది కాబట్టి ఏ రంగుతో మొదలుపెట్టినా ఫలితం ఒకటే. చివర ఎన్-మిథైల్ పైపెరజీన్ చేరితే ఒలాంజపిన్. దానికీ చాలా స్ఫటిక రూపాలున్నాయి. అది మాత్రలోకి వెళ్లే పదార్థం కాబట్టి అక్కడ మాత్రం ఏ రూపమో తేల్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు.