రాహాబు పేరు, ఫ్రాంటో పని

లేని కంపెనీకి ఒక పేరు పెట్టి, బట్టల్లో కెమెరా దాచుకుని, ‘మీతో వ్యాపారం చేద్దామని వచ్చాం’ అంటూ గర్భస్రావాల క్లినిక్కుల వాళ్లతో కబుర్లలోకి దిగడం. వాళ్లు నోరు జారితే ఆ వీడియో లోకానికంతా చూపించడం. దేవుణ్ణి నమ్మినవాడు చేయదగిన పనేనా ఇది? అమెరికా క్రైస్తవుల మధ్య ఈ గొడవ చల్లారినట్టే ఉంటుంది, ఇంకో వీడియో రాగానే మళ్లీ రాజుకుంటుంది. రాజుకున్న ప్రతిసారీ స్టింగ్ ఆపరేషన్లను సమర్థించేవాళ్ల నోట మొదట వచ్చే పేరు రాహాబు. ‘ఆమె అబద్ధం చెప్పలేదా? బైబిలు ఆమెను మెచ్చుకోలేదా?’

ఏదెను తోటలో సర్పం దగ్గర నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ‘అబద్ధసాక్ష్యము పలుకకూడదు’ అన్న ఆజ్ఞ సండే స్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. రాహాబు కథను మాత్రం ఒకసారి దగ్గరగా చూడాలి. ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ పంపిన ఇద్దరు వేగులవాళ్లను యెరికో పట్టణంలో ఆమె తన మిద్దె మీద జనుపకట్టెల్లో దాచింది. రాజు మనుషులు వచ్చి అడిగితే, చీకటి పడి గవిని తలుపు మూసే వేళకు వాళ్లు వెళ్లిపోయారని, త్వరగా తరిమితే దొరుకుతారని చెప్పింది. పచ్చి అబద్ధం. కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక, యాకోబు పత్రిక రెండూ ఆమెను పొగుడుతాయి. దేనికి పొగిడాయో చూడండి. వచ్చినవాళ్లను ఇంట్లోకి చేర్చుకున్నందుకు, వేరే దారిన పంపేసినందుకు. రాజు మనుషులతో ఆమె అన్న మాట ఊసు రెండు చోట్లా లేదు.

నిర్గమకాండంలోని మంత్రసానులు షిఫ్రా, పూయా కథ కూడా ఇంతే. మగపిల్లల్ని చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే, హెబ్రీ స్త్రీలు చురుకైనవాళ్లు, మంత్రసాని వెళ్లేలోపే కనేస్తారని చెప్పి తప్పించుకున్నారు. వాళ్లు దేవునికి భయపడినందువల్ల ఆయన వాళ్లకు మేలు చేశాడని ఉంది. మేలు ఆ భయానికా, ఆ మాటకా? గ్రంథం విడదీసి చెప్పదు. ఇక ఆదికాండంలో మేకపిల్ల తోళ్లు చేతులకు కట్టుకుని గుడ్డి తండ్రి దగ్గర అన్న దీవెన కొట్టేసిన యాకోబును కథకుడు ఆ అధ్యాయంలో ఒక్క మాట అనడు. పది అధ్యాయాలు పోయాక అదే యాకోబు ముందుకు, మేక రక్తంలో ముంచిన యోసేపు అంగీని కొడుకులు తెచ్చి పెడతారు. ముసలాయన నమ్మేస్తాడు. అక్కడా వ్యాఖ్యానం ఉండదు. మేక మాత్రం ఉంటుంది.

కాబట్టి బైబిలు కథల్ని పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లు లాక్కోవచ్చు. అయిదో శతాబ్దం దాకా లాక్కున్నారు కూడా. ప్రశ్న తీరు మారింది సుమారు 420లో. అప్పుడు ఒకాయన, ప్రాణం కాపాడటానికి అబద్ధం చెప్పొచ్చా అని కాకుండా, మనుషుల్ని పట్టుకోవడానికి చెప్పొచ్చా అని అడిగాడు. నా లెక్కలో నేటి వివాదం అంతా అక్కడే ఉంది.

ఆయన పేరు కన్సెంటియస్. మధ్యధరా సముద్రంలోని మినోర్కా ద్వీపవాసి. ఆయన బాధ స్పెయిన్‌లో, దుర్బోధకుడని ముద్రపడిన ప్రిసిలియన్ శిష్యులతో. ప్రిసిలియన్‌ను 385 ప్రాంతంలో ట్రియర్‌లో చంపించారు. అతని వాళ్లు మాత్రం మామూలు సంఘాల్లోనే కలిసిపోయి, అడిగితే మాకేం తెలియదని చెబుతూ బతికారు. ‘ఒట్టు పెట్టు, దొంగ ఒట్టయినా పెట్టు, గుట్టు మాత్రం విప్పకు’ అన్నది వాళ్ల సూత్రమని ప్రత్యర్థులు చెప్పేవారు. ఇలాంటివాళ్లను పట్టేదెలా? మన మనిషి ఒకడు వాళ్లలో ఒకడిగా నటించి లోపలికి దూరాలి.

ఆ మనిషి ఫ్రాంటో అనే సన్యాసి. ఏం మాట్లాడాలో, ఎలా నమ్మించాలో కన్సెంటియస్ రాసి పంపాడు. నేటి టార్రగోనాలో ఫ్రాంటో సెవెరా అనే స్త్రీని పట్టుకున్నాడు. తానూ ఆ బోధ వాడినేనని నమ్మించాడు. ఆమె నమ్మి గుట్టు విప్పింది. పెద్ద తలకాయ సెవెరస్ అనే పాదిరి, బాగా డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు. అతని నిషిద్ధ పుస్తకాలు దారిలో దొంగల పాలై, చివరికి ఒక బిషప్ చేతికి చేరాయని తేలింది. ఫ్రాంటో బహిరంగంగా ఆరోపణ చేశాడు. ఊరు రెండుగా చీలింది.

‘మంచి పనే కదా’ అనే ధోరణిలో కన్సెంటియస్ ఈ సంగతులు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీన్‌కు రాశాడు. హిప్పో అంటే నేటి అల్జీరియాలోని అన్నాబా. మెచ్చుకోలు వస్తుందనుకున్నాడు కాబోలు. వచ్చింది ఒక పుస్తకమంత జవాబు. అబద్ధాలకు వ్యతిరేకంగా అగస్టీన్ రాసిన రెండో పెద్ద రచన అది. మొదటిది అంతకు పాతికేళ్ల ముందే రాశాడు, అందులో అబద్ధాలను ఎనిమిది రకాలుగా విడగొట్టాడు.

ఆయన వాదన సూటిగా ఉంటుంది. అబద్ధం ఆడవచ్చనడమే ప్రిసిలియన్ వాళ్ల దుర్బోధలో ఒక భాగం. వాళ్లను పట్టడానికి మనమూ అబద్ధమాడితే ఆ బోధ నిజమని మనమే ఒప్పుకున్నట్టు. ఇంకోటి, ఇది నాకు బలంగా తోచింది: ఇవాళ దుర్బోధకుడిలా నటించిన మనిషి రేపు వచ్చి, ‘నేను నిజానికి మీవాడినే’ అంటే ఎవరు నమ్మాలి? ఎందుకు నమ్మాలి? రాహాబు, మంత్రసానుల సంగతి కూడా ఆయన దాటవేయలేదు. దేవుడు వాళ్ల దయకు ప్రతిఫలమిచ్చాడు, అబద్ధానికి కాదన్నాడు. యాకోబు విషయంలో మాత్రం ‘అది అబద్ధం కాదు, మర్మం’ అన్నాడు. అక్కడ పెద్దాయన కొంచెం జారుకున్నట్టే నాకు అనిపిస్తుంది.

అలాగని రాతిగుండె మనిషి కాదు. చావుబతుకుల్లో ఉన్న తండ్రి, అప్పటికే చనిపోయిన ఒక్కగానొక్క కొడుకు గురించి ‘బతికే ఉన్నాడా?’ అని అడిగితే ఏం చెప్పాలన్న ప్రశ్న తనను ఎంత కదిలిస్తుందో ఆ జవాబులోనే రాసుకున్నాడు. మొదటి రచనలో తగస్తె బిషప్ ఫిర్ముస్ కథ చెప్పాడు. చక్రవర్తి మనుషులు వెతుకుతున్న ఒకడిని ఫిర్ముస్ దాచాడు. అధికారులు వచ్చి అడిగితే, అబద్ధం చెప్పను, అతన్ని పట్టివ్వను అన్నాడు. చిత్రహింస పెట్టినా అదే మాట. చివరికి చక్రవర్తి ఎదుట నిలబెడితే, ఆయన మెచ్చి ఇద్దర్నీ వదిలేశాడు. ఫిర్ముస్ తలుపు మూశాడే తప్ప కట్టుకథ చెప్పలేదు. పట్టివ్వకపోవడానికీ వలపన్నడానికీ మధ్య గీత ఎక్కడుందో ఈ ఒక్క కథలో చూడొచ్చు.

ఒప్పుకోని క్రైస్తవులూ ఉన్నారు. అదే దశాబ్దంలో మార్సెయ్‌లో జాన్ కాసియన్ అనే సన్యాసి అబద్ధాన్ని హెల్లెబోర్ మొక్కతో పోల్చాడు. మన వసనాభి లాంటిది, మామూలుగా తింటే ప్రాణం తీస్తుంది, ప్రాణాంతక రోగానికైతే మందు. ఆయన సాక్షి కూడా రాహాబే. అయినా పడమటి సంఘంలో గెలిచింది అగస్టీన్. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ ఆయన పక్షమే వహించాడు. సత్యాన్ని వివేకంతో మరుగుపరచవచ్చు, అబద్ధం మాత్రం ఆడకూడదన్నాడు.

యూదు మతగురువులైన రబ్బీలది వేరే దారి. పెళ్లిలో వధువును ఏమని పొగడాలి అన్న ప్రశ్న వాళ్ల ధర్మచర్చల గ్రంథం తల్మూదులో వస్తుంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాలంది షమ్మాయి అనే గురువు బడి. ‘అందాల వధువు, సుగుణాల వధువు’ అనాలంది హిల్లెల్ బడి. కుంటిదో గుడ్డిదో అయినా? ‘అబద్ధమునకు దూరముగా’ ఉండమని ధర్మశాస్త్రం చెప్పిందిగా? హిల్లెల్ బడి ఎదురు ప్రశ్న వేసింది: ఒకడు సంతలో నాసిరకం సరుకు కొని తెచ్చుకున్నాడు, వాడి కళ్ల ముందు దాన్ని మెచ్చుకుంటావా, తీసిపారేస్తావా? మనవాళ్లకు ఇక్కడ శుక్రాచార్యుడు గుర్తుకు రావాలి. ‘వైవాహికములందు’ బొంకవచ్చని బలికి ఆయన చెప్పాడుగా. బలి వినలేదన్నది వేరే సంగతి. ఇంట్లో శాంతి కోసం మాట మార్చవచ్చని రబ్బీలు దేవుణ్ణే సాక్ష్యం తెచ్చారు. ‘నా భర్త ముసలివాడు’ అని శారా నవ్వుకుంటే, అబ్రాహాముతో దేవుడు ఆ ముక్క మార్చి, శారా తన ముసలితనం గురించే అనుకున్నట్టు చెప్పాడు.

రాహాబు పక్షం వాళ్లు రబ్బీలను ఇంతవరకే ఉటంకించి ఆగుతారు. అదే తల్మూదులో రావ్ అనే పండితుడి ఇంటి సంగతి ఉంది. ఆయన పప్పు వండమంటే భార్య శనగలు వండేది, శనగలంటే పప్పు. కొడుకు హియ్యా పెద్దవాడయ్యాక తండ్రి మాటను తిరగేసి తల్లికి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు కావలసిందే పళ్లెంలోకి వచ్చింది. ‘మీ అమ్మ మారిందిరా’ అని ఆయన మురిసిపోతే కొడుకు అసలు సంగతి చెప్పాడు. ఉపాయం బాగుందని ఒప్పుకుంటూనే, ఇక అలా చేయవద్దన్నాడు రావ్. నాలుకకు అబద్ధం నేర్పుకున్నవాళ్ల గురించి యిర్మీయా అన్న మాట గుర్తు చేశాడు. ఫలితం మంచిదే, హాని ఎవరికీ లేదు. అయినా వద్దన్నాడు. ‘మనసు దొంగతనం’ అని రబ్బీలు పేరు పెట్టిన తప్పు కూడా ఉంది: అతిథి తినడని తెలిసీ, మెప్పు కోసం తినమని బలవంతపెట్టడం అందులోకి వస్తుంది. యూదుడు కానివాడి దగ్గరైనా అది తప్పే.

మళ్లీ నేటికి వద్దాం. 1992లో వచ్చిన కతోలిక క్యాటకిజం, అంటే ఆ సంఘపు అధికారిక బోధల పుస్తకం, సత్యం తెలుసుకునే హక్కు ఉన్నవాణ్ణి తప్పుదారి పట్టించేలా మాట్లాడటమే అబద్ధమని నిర్వచించింది. ‘హక్కు ఉన్నవాణ్ణి’ అన్నచోట తలుపు కొంచెం తెరుచుకుంది. దాక్కున్నవాడి కోసం తలుపు తట్టిన హంతకుడికి ఆ హక్కు లేదు కదా. 1997 అధికారిక లాటిన్ ప్రతిలో ఆ ముక్క తీసేశారు. 2011 ఫిబ్రవరిలో లైవ్ యాక్షన్ అనే సంస్థ కార్యకర్తలు వ్యభిచారం నడిపేవాళ్లుగా నటిస్తూ గర్భస్రావాలు చేసే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే సంస్థ క్లినిక్కుల్లో తీసిన వీడియోలు వచ్చినప్పుడు, గర్భస్రావాన్ని వ్యతిరేకించే తత్వవేత్తలే రెండు ముక్కలయ్యారు. క్రిస్టఫర్ టోలెఫ్సెన్ ఇది అబద్ధమే, తప్పే అన్నాడు. పీటర్ క్రీఫ్ట్, నాజీల నుంచి యూదుల్ని దాచినవాళ్లు చెప్పింది తప్పంటారా అని అడిగాడు. 2015లో బయోమ్యాక్స్ అనే ఉత్తుత్తి కంపెనీ పేరుతో మరో బృందం వీడియోలు తీసింది. 2019లో శాన్ ఫ్రాన్సిస్కో జ్యూరీ వాళ్ల మీద 20 లక్షల డాలర్లకు పైగా పరిహారం వేసింది.

సమర్థకుల మాటలో బలం లేకపోలేదు. రాహాబు ఇంట్లో దాక్కున్నవాళ్లు కూడా రహస్యంగా వచ్చిన వేగులవాళ్లే. కానీ దాచడానికి అబద్ధం చెప్పిన ఆమె పేరును, వలేయడానికి వెళ్లినవాళ్లు వాడుకుంటున్నారు. వాళ్లకు సరిపోలే మనిషి ఫ్రాంటో.

ఫ్రాంటో కథ చివర చెప్పలేదు కదూ. అగస్టీన్ జవాబును మధ్యయుగాలంతా చదివారు. కన్సెంటియస్ రాసిన ఉత్తరం మాత్రం పరిశోధకుడు యోహానెస్ దివ్యాక్ వెలికితీసిన పాత రాతప్రతుల్లో దొరికి, 1981లోగానీ అచ్చుకాలేదు. దాని ప్రకారం, బిషప్‌లు సభ చేసి ఆ పుస్తకాల్ని కాల్చేశారు. సాక్ష్యం బూడిదైంది. నిందితుల్ని తిరిగి సహవాసంలోకి చేర్చుకున్నారు. జనం తన మీదికే తిరగబడటంతో ఫ్రాంటో ప్రాణాలు అరచేత పట్టుకుని ఆర్ల్ పట్నానికి పారిపోయాడు.